ఘాట్‌లో పసుపు తల రాయి

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా అబ్బాయి ఫోన్‌లో ఒక ఫోటో పంపాడు. స్నేహితులతో బైకుల మీద ఖండాలా పోయాడు, ఎండాకాలం సెలవులు కదా, ఇంట్లో కాలు నిలవదు. ఫోటోలో పాత ఘాట్ రోడ్డు పక్కన రేకులు కప్పిన చిన్న గూడు. గుడి అందామంటే గుడి కాదు, నడుం ఎత్తు కూడా లేదు. లోపల ఒక రాయి. దానికి ఆకుపచ్చ చీర చుట్టారు, పైన దట్టంగా పసుపు, మెడలో బంతిపూల దండ, ముందర గాజుల కుప్ప, లారీలకు కట్టే నిమ్మకాయలూ మిరపకాయలూ. కింద మరాఠీలో రాశాడు. వాడికి తెలుగు వినడమే వచ్చు, రాయడం రాదు, ఆ తప్పు నాదే. "ఆయీ, ఈ దేవి వేల ఏళ్ళ నాటిదట, ఇక్కడి డ్రైవర్లు చెప్పారు" అని ఆ రాతకు అర్థం. నేను ఫోటో పెద్దది చేసి చూశాను. కొండ మలుపు చూశాను, లోయ అవతల రైలు సొరంగం నోరు చూశాను. ముందు పకపకా నవ్వాను. తర్వాత ఎందుకో కుర్చీలో కూలబడి ఏడ్చాను. మా ఆయన టీవీ ఆపి "ఏమైందే, ఎవరు పోయారు?" అని పరుగున వచ్చారు. ఎవరూ పోలేదు. ఆ రాయి వయసు ఈ లోకంలో కచ్చితంగా తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను, అంతే.

అప్పట్లో మేం బొంబాయిలో, ఎర్రదీపాల వాడ అని పేరుపడ్డ కామాటిపురాలో ఉండేవాళ్ళం. ఆ పేరు చెప్పగానే వినేవాళ్ళ మొహం ఎలా మారుతుందో నాకు తెలుసు. మా బడిలో టీచరమ్మ కూడా అడ్రసు రాసుకునేటప్పుడు కలం ఒక్క క్షణం ఆపి నా వంక చూసేది. పాలమూరు వైపు నుంచి వచ్చి రాళ్ళు కొట్టి, సున్నం మోసి, బొంబాయిలో సగం గోడలు లేపిన కామాటీల వల్లే ఆ వాడకు ఆ పేరు వచ్చిందని ఎవరికైనా చెప్పబోతే, "అవునా" అని గడియారం చూసుకునేవారు. సరే, ఆ కోపం ఇప్పుడెందుకు, పక్కన పెడతాను. వరసగా గదులుండే మా చాల్ మేడలో మూడో అంతస్తులో ఒకటే గది. అందులో ఆరుగురం. ఇళ్ళకు రంగులు వేసే నాయిన, అమ్మ, నేను, తమ్ముడు, అమ్మ తమ్ముడైన మామ, అందరి మీదా అజమాయిషీ చేసే అవ్వ. అవ్వ అంటే నాయిన తల్లి. ముప్పై ఏళ్ళు తట్ట మోసిన మనిషి. ఫాక్‌లాండ్ రోడ్డు మీద ఎక్కడైనా కొత్త గోడ లేస్తుంటే దగ్గరికి పోయి అరచేత్తో ఒక్క చరుపు చరిచేది. "ఇసుక ఎక్కువ గొట్టిండు దొంగ సచ్చినోడు" అని తీర్పు చెప్పి, మేస్త్రీ తేరుకునేలోపు నడిచిపోయేది.

నాకు పదేళ్ళు నిండిన ఆ ఎండాకాలం అవ్వ కళ్ళలో పొరలు ముదిరాయి. బియ్యంలో రాళ్ళు ఏరే పని ఆమె నుంచి తీసేసుకున్నాం, ఎందుకంటే బియ్యాన్ని ఏరి పారేసి రాళ్ళను చేటలో ఉంచుతోంది. డాక్టరు చూసి, వానలు పడేలోపు ఆపరేషన్ చేయించకపోతే ఉన్న చూపు కూడా పోతుందన్నాడు. నాయిన ఆసుపత్రిలో రోజు కూడా మాట్లాడి వచ్చాడు. అవ్వ మాత్రం మంచం కోడు పట్టుకుని కూర్చుంది. "మైసమ్మ మొక్కు తీరనియ్యుర్రి. అటెన్క మీ కత్తి యాడ పెడ్తరో పెట్టుకోర్రి. ఆపరేషన్ల ఉన్న కండ్లు గూడ పోతే ఆమె మొకం ఎట్ల జూస్తనురా నేను?" అంది. నాయిన బతిమిలాడాడు, కోప్పడ్డాడు, ఒక పూట అన్నం మానేశాడు. ఆమె రెండు పూటలు మానేసింది.

ఆ మొక్కు కథ మాకు కంఠతా వచ్చు. పెళ్ళైన కొత్తలో, స్వాతంత్ర్యం రాకముందు, అవ్వా తాతా ఖండాలా ఘాట్‌లో రోడ్డు వెడల్పు చేసే పనికి పోయారు. మా వాళ్ళు ఏ కొండ మీద గునపం వేసినా ముందు ఒక రాయి నిలబెట్టి, పసుపు పూసి, మైసమ్మా కాపాడు అని కల్లు సాక పోసి పని మొదలుపెట్టేవారు. అక్కడా అలాగే పెట్టారు. ఒకరోజు చరియ విరిగి తాత మీద పడింది. రొమ్ము దాకా మట్టి. మగవాళ్ళంతా పారలతో తవ్వుతుంటే అవ్వ ఆ రాయి దగ్గరికి ఉరికి, మనిషి బతికి బయటపడితే బోనం, చీర, గాజులు నా చేత్తో నేను తెచ్చి పెడతానని మొక్కింది. తాత బతికాడు. ఆ పొద్దే ఇద్దరినీ లారీలో వేసి బొంబాయి ఆసుపత్రికి పంపారు. తాత కాలు కుదురుకునేసరికి అక్కడ పని అయిపోయింది, ఇక్కడ పని దొరికింది. అలా మేం బొంబాయి వాళ్ళమయ్యాం. వచ్చే ఏడు, వచ్చే ఏడు అంటూ నలభై ఏళ్ళు గడిచాయి. ఊరికి పోయే రైలు అదే ఘాట్ మీదుగా పోతుంది. సొరంగాల చీకట్లో ఏ దిక్కున ఉందో తెలియక అవ్వ రెండు కిటికీలకూ దండం పెట్టేది. పోయినేడు తాత నిద్రలోనే పోయాక ఆ మొక్కు ఆమెకు మరీ బరువైంది.

చివరికి దారి చూపింది మామ. ఆయన నాగ్‌పాడాలో కమోడ్లు, వాష్‌బేసిన్లు అమ్మే సేటు దగ్గర టెంపో నడిపేవాడు. పూణెకి పన్నెండు కమోడ్లు సాయంత్రంలోగా చేర్చాలి, దారిలో నా కుటుంబాన్ని కూడా తిప్పుకొస్తానని సేటును ఒప్పించాడు. మేం మైసమ్మ దగ్గరికి పోయి, లోనావాలాలో చిక్కీ కొనుక్కుని, పూణె చూసి, మర్నాడు తిరిగి రావడం. నేను చాల్ మొత్తం తిరిగి మేం కొండల్లోకి టూర్ పోతున్నామని చెప్పాను, ఎందులో పోతున్నామో చెప్పలేదు. తెల్లవారుతుండగా అమ్మ తలస్నానం చేసి కొత్త కుండలో బోనం వండింది. కుండకు పసుపు, కుంకుమ, వేపమండలు. అవ్వ దాన్ని ఎత్తుకుని కిందికి దిగి, టెంపోలో గడ్డి మధ్య నోళ్ళు తెరుచుకుని కూర్చున్న కమోడ్లను తడిమి చూసి, చెయ్యి వెనక్కి లాక్కుంది.

"వీటి నడుమ బోనం పెట్టుకుని కూసోమంటవారా?"

"ఉత్త కొత్తయి అత్తమ్మా, ఇంకెవ్వరు కూసోలే" అన్నాడు మామ.

"కొత్తయైతే ఏంది? ఏం పనికి పుట్టినయో తల్లికి తెల్వదా?"

అలా అవ్వ, ఒళ్ళో బోనం, పక్కన నేను ముందు సీట్లో ఎక్కాం. నాయిన, అమ్మ, తమ్ముడు వెనక కమోడ్ల మధ్య. తమ్ముడు పోయి ఒకదాని మీద మహారాజులా కూర్చున్నాడు, పన్వేల్ దాకా దిగనే లేదు. ముందు సీటు దొరికిందని నేను గంతులేశాను కానీ దానికో పని కూడా ఉందని తర్వాత తెలిసింది. ఖోపోలీ దాటి ఎక్కుడు మొదలవగానే అవ్వ నా మణికట్టు పట్టుకుంది. "బిడ్డా, నాకు అంత మబ్బు మబ్బుగున్నది. ఇగ నా కండ్లు నువ్వే. ఎడమకు పెద్ద మలుపు వస్తది. మలుపు దాటంగనే లోయ అవుతల రైలు బోగ్దా నోరు కనబడ్తది. దానికి ఎదురుంగ, కొండ దిక్కు, నేరేడు చెట్టు. చెట్టు మొదట్ల తల్లి ఉంటది. పసుపు పూసి ఉంటది. జూసి చెప్పు."

వినడానికి ఎంత సులువుగా ఉంది! ఆ ఘాట్‌లో మలుపులు తప్ప వేరే ఏమీ లేవు, ఎడమకి తిరిగేవి సగం. సొరంగం నోళ్ళు నాకే నాలుగు కనిపించాయి. ఇక నేరేడు చెట్టు సంగతి చెప్పాలంటే సిగ్గేస్తుంది. నేను కామాటిపురాలో పుట్టిన దాన్ని, నేరేడు పండ్లు నాకు తెలిసినంతవరకు తోపుడు బండి మీద కాస్తాయి. ప్రతి చెట్టునూ "అదేనా?" అని మామని అడిగాను. ఆయనకూ తెలియదు. పచ్చగా ఉన్నవన్నీ ఆయనకు చెట్లే. పైన ఖండాలా దాకా పోయాం, దొరకలేదు. మామ టెంపో తిప్పి కిందికి తెచ్చాడు, మళ్ళీ ఎక్కించాడు, మళ్ళీ దించాడు. ఇంజన్ పొగలు కక్కితే ఆపి నీళ్ళు పోశాడు. వెనకాల మా మహారాజు తిన్నదంతా సింహాసనంలోకే వాంతి చేసుకున్నాడు, అమ్మ దాన్ని తాగే నీళ్ళతో కడిగింది. నాయిన క్యాబిన్ వెనక దబదబా బాది, "ఎంతసేపు తిప్పుతవ్ బామ్మర్దీ! పూణె పోవాల్నా వద్దా?" అని అరిచాడు. కొండలు ఎంత అందంగా ఉన్నాయో, లోయలో ఎంత గాలి వీస్తోందో నాకేం పట్టలేదు. ప్రతి మలుపుకూ అవ్వ వేళ్ళు, కనబడ్డదా అన్నట్టు నా మణికట్టును నొక్కుతున్నాయి, నాకు తెలిసింది అదొక్కటే.

మూడోసారి ఎక్కుతుండగా అవ్వ చెయ్యి తీసేసింది. "రోడ్డు వెడల్పు జేసి ఆమెను తీసి యాడనో పారేసిండ్రేమో" అని తనలో తను అనుకుంది. తర్వాత మామతో, "పోనియ్యి అయ్యా. సామాన్ దించి ఇంటికి పోదాం. ఆపరేషన్ ముచ్చట మాత్రం ఇంక ఎవ్వరు ఎత్తొద్దు, చెప్తున్న" అంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. నాకు డాక్టరు మాట గుర్తొచ్చింది, వానలు పడేలోపు అన్న మాట. బయట ఎండ. వానకు ఇంకా మూడు వారాలో నాలుగు వారాలో ఉంది. అప్పుడు టెంపో మలుపు తిరిగింది. లోయ అవతల ఒక సొరంగం నోరు. ఇవతల కొండ పక్కన ఏదో చెట్టు, చెట్టు నీడలో గడ్డిలోంచి పసుపు తల ఒకటి కనిపించింది.

"అవ్వా! పసుపు! పసుపు రాయి!" అని గావుకేక పెట్టాను.

మామ బ్రేకు తొక్కిన తొక్కుకు వెనక కమోడ్లన్నీ ఒకదానికొకటి గుద్దుకున్నాయి. అవ్వ బోనం పట్టుకుని నాకంటే ముందు దిగింది. నేను ఉరికి వెళ్ళి గడ్డి పక్కకు తోశాను. తోసి, అక్కడే నిలబడిపోయాను. పైన పసుపు రంగు, కింద తెల్ల సున్నం, తెలుపు మీద నల్లగా మరాఠీలో పూణె అని, దాని కింద ఎన్ని కిలోమీటర్లో అంకె. నేను పట్టపగలు, రెండు కళ్ళూ బాగున్నదాన్ని, సర్కారు వారి కిలోమీటరు రాయికి మైసమ్మ అని అరిచాను. నాయిన వచ్చి చూశాడు. రంగుల పని చేసే మనిషి, ఆ పసుపు ఏ డబ్బాలోదో కూడా ఆయనకు తెలుస్తుంది. మామ నోరు తెరిచాడు, అమ్మ ఆయన మోచెయ్యి గిల్లి మూయించింది. నాయిన నా వంక చూశాడు. నేను నా చెప్పుల వంక చూసుకున్నాను. ఒక బస్సు హారన్ కొట్టుకుంటూ దాటిపోయింది. అది పోయాక నాయిన అవ్వ భుజం పట్టుకుని, "ఇదేనమ్మా. పైలం, రాళ్ళున్నయ్, మెల్లగ కూసో" అన్నాడు. నాయిన అబద్ధం ఆడగా నేను విన్నది అదొక్కసారే.

అవ్వ కూర్చుంది. బోనం పక్కన దించి, అరచెయ్యి రాయి తల మీద పెట్టింది. చెయ్యి గుండ్రటి అంచు వెంబడి దిగింది, పక్కకు జరిగింది, కోసినట్టున్న మూల దగ్గర ఆగింది. ఆ చెయ్యి అక్కడ ఎంతసేపు ఆగిందో నేను చెప్పలేను. లేచి టెంపో ఎక్కేస్తుందనుకున్నాను.

"బిడ్డా, నువ్వు జూసినవా?" అంది తల తిప్పకుండా.

"చూసిన అవ్వా."

"మొకం ఎట్లున్నదే?"

"పచ్చగున్నది. నీ దిక్కే చూస్తున్నది అవ్వా."

"గట్లనా" అంది. రాయి మీంచి చెయ్యి తీసి నా వైపు చాపింది. "పసుపు తే."

తర్వాత అంతా పద్ధతిగా జరిగింది. అమ్మ రాయికి నీళ్ళు పోసింది, అవ్వ తన చేత్తో పసుపు రాసింది, కుంకుమ దిద్దింది. ఆకుపచ్చ చీర కట్టి, గాజులు పెట్టి, కుండ మీద దీపం వెలిగించింది. గాలికి దీపం ఆరిపోతుంటే నాయినా మామా చెరో పక్క తుండుగుడ్డలు పట్టి నిలబడ్డారు. అవ్వ రాయితో మాట్లాడటం మొదలుపెట్టింది, చాల్‌లో కుళాయి దగ్గర పక్కింటామెతో మాట్లాడినట్టే. "ఆలిశమైంది తల్లీ. కడుపు తిప్పలు, పిల్లల తిప్పలు. ఈడికెళ్ళి పోయినోళ్ళం మల్ల రాలే. ముసలోడు నీ దయతోని మస్తుగ బతికిండు. కాలు గుంజుకుంటనే ముగ్గురు పిల్లల పెండ్లిళ్ళు జేసిండు. పోయినేడు పోయిండు, నీకు చెప్దామంటే యాడున్నవో తెల్వది." అప్పుడు ఏడ్చింది. తాత పోయిన రోజు కూడా అలా ఏడవలేదు. నేను ఆమె వీపుకి ఆనుకుని ఏడ్చాను, నా ఏడుపు వేరే.

అంతలో ఒక లారీ వచ్చి ఆగింది. డ్రైవరు దిగి, చెప్పులు విప్పి, దండం పెట్టి, ఏ దేవి అని హిందీలో మామని అడిగాడు. మామ తడుముకోకుండా "ఘాట్ కీ మైసమ్మ" అన్నాడు. పాతదా అంటే "బహుత్ పురానీ" అన్నాడు. ఆయన తన లారీకి వేలాడుతున్న నిమ్మకాయ తెంపి రాయి ముందు పెట్టి, మా చేతి ప్రసాదం తిని పోయాడు. మామ ఆ తర్వాత పూణె దాకా ఈలలు వేస్తూనే ఉన్నాడు. కమోడ్లు దించాం, ఒకటి తడిగా ఎందుకుందని అక్కడివాళ్ళు అడిగితే మంచు అని చెప్పాడు, మే నెలలో. చిక్కీ తిన్నామేమో, నాకు రుచి గుర్తులేదు. మర్నాడు దిగి వస్తుంటే ఆ రాయి దగ్గర అగరొత్తులు కాలుతున్నాయి. అవి మేం పెట్టినవి కావు.

అవ్వ ఇచ్చిన మాట ప్రకారం ఆపరేషన్‌కు ఒప్పుకుంది. కళ్ళకు కట్టు ఉన్నన్ని రోజులూ నేను పడ్డ భయం పగవాళ్ళకు కూడా వద్దు. చూపు రాకపోతే అది నా వల్లే, దొంగ మొక్కు తీర్పించినందుకు అసలు తల్లి పట్టిన కోపమే. కట్టు విప్పిన రోజు అవ్వ నన్ను దగ్గరికి రమ్మని, మొహం అటూ ఇటూ తిప్పి, "ఏందే పోరీ, గింత నల్లగున్నవ్? నా మబ్బు కండ్లకు ఎర్రగ కనబడ్డవ్ గద" అంది. అందరూ నవ్వారు. నేను గదుల ముందరి గ్యాలరీలోకి పోయి చాల్ గోడ పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను.

ఆ రాయి మాట అంతటితో నాలోనే ఉండిపోయేది. కానీ దీపావళి ముందు ఒక మధ్యాహ్నం అవ్వ గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. ఈసారి రాళ్ళే ఏరుతోంది. ఎదురుగా నేను లెక్కలు చేసుకుంటున్నాను. ఉండబట్టలేక, తల పుస్తకంలోంచి ఎత్తకుండా చెప్పేశాను. "అవ్వా, అది మైసమ్మ కాదు. కిలోమీటర్ల రాయి. నాకు అప్పుడే తెలిసింది."

అవ్వ చేట ఆపలేదు. "సిమెంటు అని నాకు తెల్వదా పోరీ? ముప్పై ఏండ్లు మోసిన. అంకెలు గూడ చేతికి తగిలినయ్."

"మరి ఎందుకు మొక్కినవ్?"

ఒక రాయి ఏరి, వేళ్ళ మధ్య పట్టుకుని, వెలుతురుకు ఎత్తి చూసింది. ఆ చూపు వచ్చిన కొత్తలో అన్నిటినీ అలా ఎత్తి చూసేది. "మేము నిలబెట్టిన నాడు ఆమె మాత్రం ఏందే? మీ తాత కొండల పగలగొట్టిన రాయే గద. నేను గుండె పట్టుకుని మొక్కినంక తల్లి అయింది. అటు నువ్వు, ఇటు మీ నాయిన, నా కండ్ల కోసం గంత తండ్లాడ్తుంటే, ఇది కాదు అని ఎట్ల లేస్తనే? ఆమె అర్థం జేసుకోదా ఏంది?" అని ఆ రాయిని గ్యాలరీలోంచి కిందికి విసిరేసింది.

అవ్వ ఆ చూపుతో ఇంకో పదకొండేళ్ళు బతికింది. నా పెళ్ళిలో నా చీర అంచు బాగాలేదని అందరి ముందూ చెప్పింది. చాల్ ఇప్పుడు లేదు, మామ లేడు, నాయినా అమ్మా పోయారు, తమ్ముడికి ఆ రోజు సంగతి వాంతి తప్ప ఏమీ గుర్తులేదు. ఫోటోలో చీర అంచు ఒక పక్క కాస్త తొలగింది, కింద తెల్లటి మూల, దాని మీద నల్లటి గీత ఒకటి కనిపిస్తోంది. పూణె దూరం చెప్పే అంకెలో అది చివరి కాలు. మా అబ్బాయి మళ్ళీ మెసేజ్ పెట్టాడు, నిజంగా వేల ఏళ్ళ నాటిదేనా ఆయీ అని. అవ్వ లేకుండా గడిచిన రోజులన్నీ ఒక్కసారి మీద పడ్డట్టయి, అవును నాన్నా, అంతే ఉంటుంది, దండం పెట్టి రా అని రాశాను.